గడ్డం ఉన్న తొండగారు

కూతురి పురిటికో, మనవణ్ణి చూసుకోవడానికో సిడ్నీయో డాలసో వెళ్ళారనుకోండి. హాల్లో అద్దాలపెట్టె, అందులో ఇసుకరంగు ఒంటినిండా ముళ్ళతో మూరెడు తొండ! "అమ్మమ్మా, ఇది నా పెట్!" అంటాడు పెద్ద మనవడు. గుండె ఝల్లుమంటుంది కదూ? కంగారు పడకండి. దాని పేరు బేర్డెడ్ డ్రాగన్. మన పెరటి కంచెమీద తలాడించే తొండకి చుట్టమే. రెండూ ఒకే కుటుంబానివి.

దీని పుట్టిల్లు ఆస్ట్రేలియా లోపలి ఎడారులు, తుప్పల నేలలు. తోకతో కలిపి రెండడుగుల దాకా పెరుగుతుంది. పొద్దున్నే కంచె గుంజ ఎక్కి ఎండ కాగుతుంది. ఒళ్ళు చల్లగా ఉంటే రంగు ముదురు చేసుకుని వేడి పీల్చుకుంటుంది. వేడెక్కితే నోరు తెరుచుకుని కూర్చుంటుంది. అది కోపం కాదు, ఒళ్ళు చల్లబరచుకోవడం. నిజంగా కోపమొస్తే గొంతుకింద ముళ్ళ తోలు ఉబ్బించి నల్లగా మార్చేస్తుంది. గడ్డం అంటే అదే! మగది తల గబగబా ఆడిస్తే "ఇది నా చోటు" అని. చిన్నది ముందుకాలు ఎత్తి మెల్లగా తిప్పితే "నీ జోలికి రాను బాబూ" అని. మనకి టాటా చెబుతోందని మురిసిపోకండేం! రెండింటిని ఒకే పెట్టెలో ఉంచితే పోట్లాడుకుంటాయి.

ఇంకో వింత. తల్లి గుడ్లు మట్టిలో పూడ్చి తన దారిన తాను పోతుంది. ఆ మట్టి వేడి 32 డిగ్రీలు దాటితే, మగది కావలసిన పిల్ల కూడా ఆడదిగా పుట్టవచ్చు. అడవిలోనూ ఇలా జరుగుతోందని 2015లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో రాశారు.

తిండి మాటకొస్తే, చిన్నప్పుడు పురుగులు ఎక్కువ, పెద్దయ్యాక ఆకులు ఎక్కువ. మిగిలిన పాలకూర రోజూ పడేయకండి. అందులోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని ఒంటబట్టనివ్వదు. అవకాడో దానికి విషం. అమెరికా తోటల్లో ఎగిరే మిణుగురు ఒక్కటి మింగినా ప్రాణం పోవచ్చు. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ కూడా చాలదు. ఎముకలు గట్టిపడే అతినీలలోహిత కిరణాలను అద్దం ఆపేస్తుంది. అందుకే పెట్టెలో ప్రత్యేకమైన దీపం ఉండాలి. లేకపోతే ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకరపోతాయి.

ఇక అసలు సంగతి. చూడ్డానికి ఎంత ఆరోగ్యంగా ఉన్నా, దీని పేగుల్లో సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు. రెట్టతోపాటు అవి ఒంటికీ, పెట్టెకీ అంటుకుంటాయి. మనకి వాంతులు, విరేచనాలు, జ్వరం రావచ్చు. పసిపిల్లల్లో క్రిములు రక్తంలోకి చేరితే ప్రాణం మీదికే వస్తుంది. అయిదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో ఇలాంటివి వద్దని అమెరికా ఆరోగ్యసంస్థ సీడీసీ సలహా.

అలాగని పెద్దాడు ప్రాణంగా చూసుకునే జీవాన్ని రాత్రికి రాత్రే పంపించెయ్యమని గొడవ పెట్టకండి. అమ్మాయితో, అల్లుడుగారితో నెమ్మదిగా మాట్లాడండి. పసివాడు కాస్త పెద్దయ్యేదాకా తెలిసినవాళ్ళింట్లో ఉంచడం మేలు. అంతవరకూ ఈ జాగ్రత్తలు తప్పనిసరి:

* డ్రాగన్‌నిగానీ పెట్టెనిగానీ ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆ తర్వాతే పాలసీసా, ఆ తర్వాతే పసివాడు.

* వంటింట్లోకి దాన్ని రానివ్వకండి. దాని గిన్నెలూ పెట్టే గిన్నెల సింకులో కడగొద్దు.

* ముద్దులు పెట్టుకోవడం, మొహానికి ఆనించుకోవడం వద్దు.

* ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే, తొండని పెంచుతున్నామని డాక్టరుకి ముందే చెప్పండి.

ఇది పదేళ్ళ దాకా బతికే జీవం. సరదా తీరాక వదిలేసే బొమ్మ కాదు. ఆ మాట మనవడికి చెప్పాల్సింది మీరే. అమ్మమ్మ చెబితే వింటాడు!