అవ్వగారి ఎర్ర గచ్చు



లేవీయకాండము 14వ అధ్యాయములో ఒక విచిత్రమైన సంగతి ఉన్నది. ఇంటి గోడలో పచ్చనివో ఎర్రనివో మచ్చలు పుట్టి లోపలికి దిగినట్టు కనబడితే, ఇంటివాడు పోయి యాజకునికి చెప్పవలెను. యాజకుడు వచ్చి చూచి, ఇంటిని ఏడు దినములు మూయించి, మచ్చ వ్యాపిస్తే ఆ రాళ్ళను ఊడదీయించి గోడలు గీయించవలెను. థియాలజీ డిప్లొమా చదివే రోజులలో ఈ అధ్యాయము పరీక్షకు రాదని నేను దాటవేశాను. దాని ఫలితము ఇన్నాళ్ళకు అనుభవించాను. మా సంఘములోని ఒక అవ్వగారు మనవడి చేత కబురు పంపించారు: “ప్రార్థనకు కాదయ్యగారూ, నేల చూసేదానికి రండి.”

పలమనేరు నుండి వి.కోట మీదుగా కుప్పం పోవు దారిలో ఉన్నది ఆ పల్లె. అవ్వగారి భర్త బడిపంతులు. 1984లో ఇల్లు కట్టినప్పుడు సిమెంటులో ఎర్ర రంగు కలిపించి, మేస్త్రీ చేత తాపీతో రుద్దించి రుద్దించి నడవ అంతా గచ్చు చేయించారు. పంతులుగారు ప్రభువునందు నిద్రించి చాలా కాలమైనది. ఆ గచ్చు మాత్రము మొన్నటివరకు అద్దమువలె ఉండేది. సంఘపు గృహకూడికలలో మేము దానిమీద చాపలు పరచుకొని కూర్చున్నవాళ్ళమే. ఇప్పుడు చూస్తే దాని మీద జానెడు వెడల్పున తెల్లని చారలు. కుర్చీ ముందర త్రికోణాకారములో పెద్ద మచ్చ.

“చూడండయ్యగారూ, సున్నం చిందినట్టు అయిపొయ్యిండాది. సబ్బుతో కడిగినా పోలేదు.”

మూలన ఒక యంత్రము నిలబడి ఉన్నది. దాని పేరు స్టీమ్ మాప్. బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్న కుమారుడు క్రిస్మసుకు వచ్చినప్పుడు తెచ్చి పెట్టాడు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, వంగి నేల తుడవలేదు, నిలబడే తుడుచుకోవచ్చునని అతని ఉద్దేశము. మంచి ఉద్దేశమే. అతని ఇంటిలో నేల అంతా నున్నని టైల్సు, అక్కడ ఇది బాగుగా పని చేయుచున్నది కూడా.

ఈ యంత్రమును చూడనివారికి రెండు మాటలు చెప్పవలెను. పొడవాటి పిడి, క్రింద వెడల్పైన తల, తలకు తొడిగిన మెత్తని గుడ్డ, మధ్యలో చిన్న నీళ్ళ డబ్బా. డబ్బాలో సుమారు అర లీటరు లోపు నీళ్ళు పట్టును. కరెంటు పెట్టిన కొద్దిసేపటికి నీళ్ళు మరిగి, ఆవిరి గుడ్డగుండా నేల మీదికి దిగును. మన ఇడ్లీ పాత్రలో పని చేసే ఆవిరే, వేరొకటి కాదు. ఆ వేడికి జిడ్డు వదలును, వదలిన జిడ్డును గుడ్డ పీల్చుకొనును. ఫినాయిలు అక్కరలేదు. బకెట్టుతో తుడిచినంతగా నేల నానదు గనుక త్వరగా ఆరును. జారిపడుదుమని భయపడే వృద్ధులకు ఇది చిన్న మేలు కాదు.

మరి అవ్వగారి గచ్చుకు ఏమి వచ్చినది? ఎర్ర గచ్చు మీద మెరిసేది సిమెంటు కాదు, మైనము. నెలనెలా పూసే ఎర్ర పాలిష్ అంటే మైనమే. క్రొవ్వొత్తి కరిగినట్టే అదీ వేడికి కరగును. యంత్రము నడచిన దారిలో మైనము కొంత గుడ్డకు అంటుకొన్నది, కొంత తేమతో కలిసి తెల్లగా పేరుకొన్నది. తలుపు ఎవరో తట్టినారని అవ్వగారు యంత్రమును కుర్చీ ముందర అట్లే వదలి పోయినారట. ఆ త్రికోణము అప్పటిదే. ఆవిరి వచ్చుచుండగా ఒకేచోట నిలుపరాదని పెట్టెలోని పుస్తకములో ఇంగ్లీషున చిన్న అక్షరములతో వ్రాసియున్నది. అవ్వగారు తెలుగు బైబిలు చదువుదురు గాని ఇంగ్లీషు ఎట్లు చదువుదురు?

కాబట్టి ఇటువంటిది కొనదలచినవారు మొదట తమ నేలను చూచుకోవలెను. సందులు గట్టిగా పూడ్చిన టైల్సు అయితే భయము లేదు. పేడతో అలికిన నేలకు ఇది బొత్తిగా పనికిరాదు, నేల ఊడి గుడ్డకు వచ్చును. పాత ఇండ్లలో పరచిన కడప బండల సందులు తెరుచుకొని ఉంటే తేమ అడుగుకు దిగును. ఈ మధ్య చాలామంది సిమెంటు నేల మీద జిగురుతో ప్లాస్టిక్ షీటు అంటించుచున్నారు. వేడికి ఆ జిగురు వదలి షీటు ఉబ్బును. ఏ నేలయైనా ముందు కసువు చిమ్మవలసినదే, యంత్రము కసువు తీయదు. గుడ్డ మురికియైన తరువాత కూడా తుడుచుచుంటే ఒక గది మురికిని ఇంకొక గదికి పంచినట్టే. డబ్బాలో నీళ్ళు తప్ప ఫినాయిలు, బ్లీచింగు, అత్తరు ఏదీ పోయరాదు. మన బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టును గదా, యంత్రము లోపల కూడా అట్లే కట్టి ఆవిరి దారి మూసుకొనును. త్రాగుటకు కొనే క్యాను నీళ్ళు దీనికి మేలు.

మేము మాట్లాడుకొనుచుండగా ప్రక్కింటి సహోదరుడు వచ్చాడు. పట్టుపురుగులు పెంచే రైతు. “అయ్యగారూ, దీనికి క్రిములన్నీ చస్తాయని చెప్తాండారే, మా పురుగుల షెడ్డు తుడిస్తే సరిపోదా?” అని అడిగాడు. మంచి ప్రశ్న. క్రిములను చంపేది వేడి ఒక్కటే కాదు, ఎంతసేపు వేడి తగిలినదనునది ముఖ్యము. ఆసుపత్రులలో కత్తెరలను, కట్టుగుడ్డలను ఆటోక్లేవులో పెట్టినప్పుడు 121 డిగ్రీల ఆవిరిలో సుమారు 15 నిమిషములు ఉంచుదురు. నేల మీద ఈ యంత్రము ఒకచోట ఉండేది ఒకటి రెండు క్షణములు. నెమ్మదిగా నడిపితే కొంత మేలు, హడావుడిగా తుడిచితే తడిగుడ్డ పెట్టినట్టే. షెడ్డుకు పట్టుపరిశ్రమవారు చెప్పే పద్ధతియే సరి: నూటికి 2 పాళ్ళు బ్లీచింగు పొడి, 0.3 పాళ్ళు సున్నము కలిపిన నీళ్ళతో నేల, గోడలు, తట్టలు అన్నీ బాగుగా తడిసేటట్టు కొట్టవలెను. అతడు తల ఊపాడు. ఒక్క పంట పాలుపురుగు రోగముతో పోతే ఎంత నష్టమో అతనికి నేను చెప్పవలెనా?

నేల శుభ్రమును గూర్చి మన ప్రాంతమునకు పాత జ్ఞాపకము ఒకటి ఉన్నది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో నూరేండ్ల క్రిందట మిషనులన్నీ కలిసి క్షయ రోగులకు ఆసుపత్రి స్థాపించినవి. డెన్మార్కు దేశపు మిషనరీ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దానికి మొదటి అధికారి. అప్పటికి క్షయకు మందు లేదు, స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని కనుగొనబడలేదు. గాలి, వెలుతురు, విశ్రాంతి, ఆహారము, పరిశుభ్రత, ఇవే చికిత్స. ఆ కాలపు క్షయ ఆసుపత్రులలో పొడి చీపురుతో దుమ్ము లేపనిచ్చేవారు కారు, తడిగుడ్డతోనే తుడిపించేవారు. క్షయ ముఖ్యముగా రోగి దగ్గినప్పుడు గాలి ద్వారా వ్యాపించునని ఇప్పుడు మనకు తెలియును. అయినను ఉబ్బసము ఉన్నవారి ఇంట దుమ్ము లేపక తుడుచుట నేటికీ మంచిదే. దానికి ఆవిరియే కావలెనని లేదు, పిండిన తడిగుడ్డ చాలును.

ఇంతవరకు నేల సంగతి. నన్ను కలవరపెట్టినది వేరొకటి.

ఆ గచ్చును పన్నెండేండ్లుగా తుడిచినది అవ్వగారు కాదు. అదే పల్లెలోని ఒక సహోదరి, మన సంఘములోనే బాప్తిస్మము పొందినది. ప్రతి ఉదయము వచ్చి కసువు చిమ్మి, మోకాళ్ళ మీద వంగి బండలు తుడిచి, అవ్వగారితో కాఫీ త్రాగి పోయేది. యంత్రము వచ్చిన మరునాడే ఆమెను ఇక రావద్దన్నారు. మూడు ఆదివారములుగా ఆమె ఆరాధనకు రాలేదు. ఒంట్లో బాగుండలేదేమో అనుకొన్నాను గాని విచారించలేదు. అది నా తప్పు.

కుమారునితో ఫోనులో మాట్లాడాను. “అమ్మ మోకాళ్ళ కోసమే గదా పాస్టరుగారూ” అన్నాడు. “అయ్యా, ఆ నేల మీద వంగినవి మీ అమ్మగారి మోకాళ్ళు కావు గదా” అన్నాను. కొంతసేపు అటునుండి మాట లేదు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో కూలివాని కూలిని గూర్చి ఉన్న మాట చూడుమని చెప్పి పెట్టేశాను. కఠినముగా మాట్లాడానేమోనని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరునాడు అతడే ఫోను చేసి, ఆగిపోయిన నెల జీతము కూడా ఇప్పించెదనని, ఆమెను పిలిపించుమని అడిగాడు.

నేనూ మా ఇంటివారూ కలిసి ఆ సహోదరి ఇంటికి వెళ్ళాము. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. “మిషను ఉండాది గదా, నేనెందుకు?” అన్నది. ఇంటర్మీడియటు చదివే కుమార్తె వాకిట నిలబడి వినుచున్నది. ఆ బిడ్డ బస్సు పాసు ఖర్చు ఆ జీతములో నుండియే వచ్చేదట. మా ఇంటివారు గచ్చుకు పట్టిన మచ్చల సంగతి చెప్పగానే మాత్రము ఆమె లేచి నిలబడింది. “పాలిష్ మింద వేడి పెట్నారా?”

వచ్చి చూచి, వ్రేలితో గీకి, ఒక్క నిమిషములో తేల్చేసింది. మచ్చ ఉన్నచోట మాత్రమే మళ్ళీ పాలిష్ పూస్తే అతుకు కనబడునట. పాత మైనమంతా తీసివేయవలెను. గోరువెచ్చని సబ్బు నీళ్ళు, కొబ్బరి పీచు, మూడు దినముల పని. బాగుగా ఆరిన తరువాత పలుచగా పూసి పాత గుడ్డతో రుద్దవలెను. అవ్వగారు జారిపడకుండా నడిచే దారిలో పాలిష్ తక్కువ పూయునట. ఈ చివరి మాట నాకు తోచినది కాదు, బెంగుళూరులో ఉన్నవానికి తోచినదీ కాదు.

వంటింటిలో, స్నానపు గదిలో క్రొత్తగా టైల్సు పరచినారు. అక్కడ యంత్రము వాడుకొమ్మని, జీతము తగ్గించబోమని కుమారుడు చెప్పాడు. ఆమె యంత్రమును అటూ ఇటూ త్రిప్పి చూచి, “షాకు కొట్టదా?” అని అడిగింది. నేను ప్లగ్గు పెట్టే చోటు చూచాను. ఈ యంత్రములు చాలావరకు 1200 నుండి 1500 వాట్లు లాగును. ఇరవై నిమిషములు వాడితే అర యూనిటు లోపే గనుక బిల్లుకు భయము లేదు గాని, తడి నేల మీద నిలబడి వాడే వస్తువు. ఎర్తు ఉన్న పదహారు ఆంపియర్ల సాకెట్టు ఉండవలెను. అక్కడ ఉన్నది బల్బుకు వేసిన పాత రెండు రంధ్రముల సాకెట్టు. నెల దినములు అవ్వగారు దానిలోనే అడాప్టరుతో వాడినారు. ప్రభువు కాపాడినాడు.

ఎర్తు తీగ వేసేవరకు యంత్రము ముట్టనని ఆ సహోదరి ఖచ్చితముగా చెప్పింది. ఎలక్ట్రీషియను సోమవారము వస్తానన్నాడు, ఇది వ్రాయునాటికి రాలేదు. గచ్చు సగము వరకు ఎర్రగా అయినది. యంత్రమునకు దుమ్ము పట్టకుండా అవ్వగారు పాత తలగడ గలీబు తొడిగి మూలన నిలబెట్టారు.