వీధిని కత్తిరించకండి

పాత ఫోటోలు బాగుచేయించుకోవడానికి మా స్టూడియోకి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే. "తాతగారొక్కరే ఉండాలండీ, వెనకాల ఆ గోడా, బండీ తీసేయండి." డబ్బులిచ్చేది వాళ్లు కాబట్టి తీసేస్తాను. కానీ ముందు ఫోటో మొత్తం స్కాన్ చేసి, వద్దన్నా సరే, ఆ కాపీ కూడా చేతిలో పెడతాను. తాతగారి ముఖం ఏ పెళ్లి ఆల్బంలోనో మళ్లీ దొరుకుతుంది. ఆయన గుమ్మం ముందరి వీధి దొరకదు.

హైదరాబాద్ దివాన్ దేవిడీనే తీసుకోండి. నయాపూల్ దాటి చార్మినార్‌కు వెళ్లే దారిలో ఉన్న సాలార్‌జంగుల ఇల్లది. మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883లో పోయేదాకా దివాన్‌గా ఉన్నారు. ఆ ఇంట్లో గోడల నిండా పింగాణీ తాపిన చీనీఖానాను ఆ కాలపు ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ ఫోటో తీశారు. ఆ రోజుల్లో గాజు పలక ఎంతుంటే అచ్చూ సాధారణంగా అంతే. పలక పెద్దది కాబట్టి భూతద్దం పెట్టి చూసేకొద్దీ కొత్త వివరం కనబడుతుంది. ఇప్పటి సెల్‌ఫోన్ బొమ్మల్ని అలా చూడండి, గళ్లు తప్ప ఏమీ ఉండదు!

దీన్‌దయాళ్ 1905లో పోయారు. 1908 సెప్టెంబరులో మూసీ ముంచెత్తింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చి రోడ్లు వెడల్పు చేసింది, పత్తర్‌గట్టి రాతి దుకాణాలు కట్టించింది. కాబట్టి చార్మినార్ ముందు ఆయన చూసిన వీధి మనం నడిచే వీధి కాదు. అది ఇప్పుడు ఆయన ఫోటోల్లోనే ఉంది.

దేవిడీ సంగతి ఇంకా విచిత్రం. 1951 డిసెంబరు 16న నెహ్రూ సాలార్‌జంగ్ మ్యూజియాన్ని ప్రారంభించింది ఆ ఇంట్లోనే. 1968లో వస్తువులన్నీ మూసీ ఒడ్డున కొత్త భవనానికి తరలాయి. వస్తువులకు కాపలా దొరికింది, వాటిని దాచిన ఇంటికి దొరకలేదు. ఇవాళ దివాన్ దేవిడీ అంటే హోల్‌సేల్ బట్టల బజారు. వ్యాపారుల్ని ఏమీ అనను, మా ఇంట్లో పెళ్లి బట్టలూ అక్కడివే. ఇల్లు పోతుంటే చూస్తూ ఊరుకున్నది ఊరంతా.

దీన్‌దయాళ్ గాజు పలకలు 2,800కు పైగా ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం దగ్గర ఉన్నాయి. వాటిలో మన వీధులవీ ఇళ్లవీ పెద్దవిగా అచ్చువేయించి, ఏ చోటు బొమ్మ ఆ చోటే, ఎండావానలకు తట్టుకునే పలక మీద నిలబెట్టాలి. కార్పొరేషన్‌కు ఇదేమంత ఖర్చు కాదు. ఒక్క ఫ్లైఓవర్ స్తంభానికి వేసే రంగులంత కూడా అవదనుకుంటా.

మీరు చేయగలిగింది మరొకటుంది. ఇంట్లో పాత ఫోటో ఉంటే, అందులో కనబడే వీధి పేరు, ఇల్లు ఎవరిది, ఏ ఏడాది అన్నది పెద్దవాళ్లను అడిగి వెనక రాయండి. బాల్‌పెన్‌తో వద్దు, గీత ముందువైపుకు ఉబుకుతుంది. మెత్తటి పెన్సిల్‌తో, అంచు దగ్గర రాయండి.