కొలిమి సామానుకు తేనెమైనం పూద్దాం

మన సముద్రం ఒడ్డున ఇనుము ఎక్కువ రోజులు నిలవదు. మైపాడు పోండి, కృష్ణపట్నం పోండి, కిటికీ కమ్మీలు, గొళ్ళేలు, ఉయ్యాల గొలుసులు ఎర్రగా పొట్టు లేస్తా ఉంటాయి. పండగ ముందర ఆ తుప్పు మీదనే రంగు కొట్టేస్తారు. కొన్నాళ్ళకి రంగు బొబ్బలు లేచి ఊడిపోతుంది. అప్పుడు "కమ్మరి సామాను ఇంతేలే, స్టీలుది కొనుక్కుందాం" అంటారు. తప్పు కమ్మరిది కాదని నా అభిప్రాయం.

ఇనుముకి నీరు, ఆక్సిజన్ రెండూ తగిలితే తుప్పు పడుతుందని మనం సైన్సులో చదువుకున్నాం. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది, తుప్పును ఇంకా తొందర చేస్తుంది. రంగు ఒక్క చోట పగిలినా చాలు, ఆ సందులోంచి తేమ దూరి రంగు కిందనే తుప్పు పాకిపోతుంది. అది బయటికి కనపడేటప్పటికి ఇనుము సగం తినేసి ఉంటుంది.

దీనికి ఒక మందు మన ఇళ్ళల్లోనే ఉంది. అదే తేనెమైనం. మైనం నీటిని అంటనివ్వదు. 1950లలో లండనులోని బ్రిటిష్ మ్యూజియం వాళ్ళు పాత వస్తువులను కాపాడటానికి ఒక మైనం పూత తయారు చేశారు. అది పెట్రోలియం నుంచి తీసిన మైనం. మనది తేనెపట్టు నుంచి వచ్చేది.

పూసే పద్ధతి ఇది. మొదట తుప్పును తీగ బ్రష్షుతో, గరుకు కాగితంతో గీకాలి. మంచినీళ్ళతో కడిగి ఉప్పు పోగొట్టాలి. బాగా ఆరబెట్టాలి. తర్వాత ఇనుమును వేడి చేయాలి. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మైనం ముక్క ఆనిస్తే కరిగి పారేంత వేడి చాలు, ఎర్రగా కాల్చకూడదు. గుడ్డతో పలచగా రుద్ది, ఎక్కువైంది తుడిచేయాలి. కొందరు అవిసె నూనె కలుపుతారు. కానీ జాగ్రత్త! ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయి. విప్పి బయట ఆరేయాలి. ఈ పని పెద్దవాళ్ళ దగ్గరే చేయాలి.

మైనం అన్నిటికీ పనికొస్తుందని నేను చెప్పను. సముద్రం ఎదురుగా ఉండే గేటుకు జింకు పూతే మేలు. ఎండకు మైనం మెత్తబడి దుమ్ము పడుతుంది. ఇంటి లోపల ఉండే దీపం గొలుసు, కొక్కెం, గొళ్ళెం, కత్తిపీట పిడి కమ్మీ లాంటి వాటికి మైనం మంచిది. అరిగిపోతే కంటికి కనపడుతుంది, గీకే పని లేకుండా మళ్ళీ రుద్దుకోవచ్చు. ఇంకో సంగతి, రంగు వేస్తే సమ్మెట దెబ్బల గుర్తులు, మెలి తిప్పిన పనితనం మూసుకుపోతాయి. మైనం వేస్తే నల్లగా నిగనిగలాడతా అన్నీ కనపడతాయి.

యానాదులు వెదురు తాడు పట్టుకుని కొండ చరియల్లో తేనె తీసేవారని 1909లో అచ్చయిన థర్‌స్టన్ పుస్తకంలో ఉంది. ఇప్పటికీ మనోళ్ళు తేనె తీస్తానే ఉండారు. తేనె పిండినాక పిప్పిని పారేస్తే డబ్బు పారేసినట్టే. దాన్ని నీళ్ళలో కాచి వడకడితే చల్లారినాక మైనం పైన గడ్డకడుతుంది. ఆ గడ్డను మన అమ్మానాయనలు కమ్మరి మామకు అమ్మితే ఇద్దరికీ కూలి దొరుకుతుంది. అడవికి పోయి కుట్లు తినేది మనోళ్ళు, నిప్పు దగ్గర కూర్చునేది కమ్మరోళ్ళు. ఇద్దరి పనికీ విలువ లేదంటే నేను ఒప్పుకోను.

కావున మన హాస్టల్లో గోడ కొక్కేలతో మొదలు పెడదాం. సగం కొక్కేలకు రంగు, సగానికి మైనం వేసి, వానాకాలం పోయినాక అందరం చూద్దాం. నా మాట తప్పు అనే వాళ్ళు ఈ కాగితం కిందనే ఇంకో కాగితం అంటించండి.

— 9వ తరగతి విద్యార్థిని