ఉందా? ఉంటే తెరిచి ఉందా?

హోసూరులో లాప్‌టాప్ కొనడమంటే ఇప్పుడు ఇంటిల్లిపాదీ కలిసి చేసే పని. బాగలూరు రోడ్డులో ఏదో ఒక కొట్టు దగ్గర అరగంట నిలబడితే తెలుస్తుంది. తండ్రి ధర అడుగుతాడు. తల్లి వారంటీ ఎన్నేళ్లని అడుగుతుంది. కాలేజీలో చేరబోయే పిల్లాడు ఐ3నా ఐ5నా, ర్యామ్ ఎంత, ఎస్‌ఎస్‌డీ ఎంత అని ఆరా తీస్తాడు. బ్యాగు ఫ్రీనా అన్నది ముగ్గురూ అడుగుతారు. "అన్నా, ఇందులో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో ఒకసారి చూపించు" అని అడిగినవాళ్లను మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు. అడిగినా కౌంటరు అవతలి నుంచి వచ్చే జవాబు తెలిసిందే: "ఐ5 కదా, అన్నీ ఉంటాయి."

అన్నీ ఉంటాయన్న మాట చాలావరకు నిజమే. తంటా అంతా ఉన్నది వాడుకోనిస్తుందా లేదా అన్న దగ్గర వస్తుంది. ఆ తంటా కొట్టులో బయటపడదు. ఏ మూడో సెమిస్టరులోనో, ల్యాబ్ రికార్డు ఇవ్వాల్సిన ముందురోజు రాత్రి, వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేరులో లినక్స్ ఎక్కించబోతే "వీటీ-ఎక్స్ ఈజ్ డిజేబుల్డ్ ఇన్ ద బయోస్" అని ఎర్ర గుర్తుతో ప్రత్యక్షమవుతుంది. పిల్లాడు భయపడి ఫార్మాట్ కొట్టించడానికి తీసుకుపోతాడు. ఫార్మాట్ కొడితే పోయే జబ్బు కాదది. కొట్టినందుకు డబ్బులు మాత్రం పోతాయి.

సంగతేమిటంటే, ఒక కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరును నడిపించడమే వర్చువలైజేషన్. విండోస్ నడుస్తుండగానే అందులోనే ఒక కిటికీలో లినక్స్ మొత్తంగా, తనదైన డిస్కుతో, తనదైన ర్యామ్‌తో లేచి కూర్చుంటుంది. సైబర్ సెక్యూరిటీ చదివేవాళ్లకు కాలీ లినక్స్ కావాలి, యాప్‌లు తయారుచేసేవాళ్లకు ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ కావాలి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటే డాకర్ రావాలి. విండోస్ నడుస్తుండగా వీటన్నింటికీ అడుగున ఉండేది ఇదే.

ఇది కొత్త విద్యేమీ కాదు. ఐబీఎం వాళ్లు 1972లోనే వీఎం/370 పేరుతో పెద్ద మెయిన్‌ఫ్రేముల మీద దీన్ని అమ్మారు. ఏ యంత్రం మీదైనా ఇది సక్రమంగా నడవాలంటే ఏ షరతులుండాలో 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు లెక్క కట్టి చెప్పారు. మన బల్లల మీదికొచ్చిన ఇంటెల్ జాతి చిప్‌లు ఆ షరతులకు ఒదగలేదు. లోపలున్న ఓఎస్ తానే యజమానిననుకొని ప్రాసెసర్‌కు కొన్ని ఆజ్ఞలిస్తుంది. అవి అసలు యజమాని, అంటే ఆ ఓఎస్‌ను బయటి నుంచి నడిపించే సాఫ్ట్‌వేరు, చెవిన పడితేనే అడ్డుపడి, సర్ది, ముందుకు పంపగలడు. పెంటియంలో 17 ఆజ్ఞలు యజమానికి తెలియకుండానే జారిపోతాయని 2000లో ఒక పరిశోధనాపత్రం తేల్చింది. అయినా 1999లోనే వీఎంవేర్ వాళ్లు ఆ ఆజ్ఞలను నడుస్తుండగానే పట్టి తిరగరాసే ఉపాయంతో పని కానిచ్చారు. చివరికి 2005 నవంబరులో ఇంటెల్, 2006 మేలో ఏఎండీ ఆ పనిని చిప్‌లోకే దించేశాయి. ఇంటెల్ దానికి పెట్టుకున్న పేరు వీటీ-ఎక్స్, ఏఎండీది ఏఎండీ-వీ. ఏఎండీ మదర్‌బోర్డుల బయోస్‌లో, అంటే మిషను ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాములో, ఇదే ఎస్‌వీఎం అన్న పేరుతో కనిపిస్తుంది. పేరు తెలియక ఆ వరుస మీదుగానే దాటిపోయేవాళ్లు చాలామంది.

ఇదంతా బెంగళూరు ఐటీ వాళ్ల గొడవ, మనకెందుకని హోసూరువాళ్లు అనుకోవడానికి లేదు. నా మటుకు నాకు దీని అసలు ఉపయోగం మన సిప్‌కాట్ పారిశ్రామికవాడలోనే ఎక్కువ కనబడుతుంది. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ లాంటి పెద్దవాటి సంగతి పక్కన పెట్టండి. పెద్ద కంపెనీలకు విడిభాగాలు చేసిపెట్టే చిన్న షెడ్లలో ఇరవయ్యేళ్ల నాటి యంత్రాలు ఇంకా శుభ్రంగా తిరుగుతుంటాయి. యంత్రం గట్టిదే. దాన్ని నడిపే పీఎల్‌సీలోకి ప్రోగ్రామ్ ఎక్కించాలంటే కావలసిన సాఫ్ట్‌వేరు మాత్రం విండోస్ ఎక్స్‌పీ మీద తప్ప నడవనంటుంది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న చేతులు దులిపేసుకుంది. అలాంటి షెడ్డుకు మెయింటెనెన్సు చూసే కుర్రాడు ఏం చేస్తాడు? కొత్త లాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషీన్ పెట్టి, అందులో ఎక్స్‌పీ వేసి, యూఎస్‌బీ నుంచి సీరియల్ పోర్టుకు మార్చే కేబులును ఆ లోపలి మిషనుకు అప్పగించి, దాని గుండా పీఎల్‌సీతో మాట్లాడిస్తాడు. నెట్టుకు తగలకుండా లోపలే పెట్టేస్తే వైరస్ బెడదా తక్కువే. అన్నింటికన్నా మేలు, ఆ వీఎం (వర్చువల్ మెషీన్) మొత్తం ఒక ఫోల్డరులో ఇమిడిపోతుంది. పెన్‌డ్రైవులో కాపీ చేసి ఓనరు బీరువాలో దాచుకోవచ్చు. లాప్‌టాప్ పోయినా సెటప్ పోదు. ఇంత పని జరిగేది చిప్‌లోని ఆ సదుపాయం తెరిచి ఉంటేనే. లేకపోతే ఇప్పటి వర్చువల్‌బాక్స్ అసలు మొదలే పెట్టదు. హార్డ్‌వేరు తోడు లేకుండా నడిచే పాత పద్ధతిని 2019లో వచ్చిన 6.1తోనే ఎత్తేశారు.

మరి ఉందో లేదో చూడటం ఎలా? విండోస్ 10, 11లలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి. గ్రాఫు కింద చిన్న అక్షరాల్లో కోర్లు, సాకెట్ల పక్కనే వర్చువలైజేషన్ అని ఉంటుంది. ఎదురుగా ఎనేబుల్డ్ అని ఉంటే గొడవే లేదు. డిజేబుల్డ్ అని ఉంటే చిప్‌లో ఉంది, బయోస్‌లో మూసి ఉందని అర్థం చేసుకొని ముందుకు పోవచ్చు. లినక్స్ వాడేవాళ్లు టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ అని కొడితే వర్చువలైజేషన్ వరుసలో వీటీ-ఎక్స్ అనో ఏఎండీ-వీ అనో కనబడుతుంది. అయితే ఒక్కోసారి లినక్స్‌లో ఆ వరుస కనిపిస్తూనే, లినక్స్‌లో వర్చువల్ మెషీన్లను నడిపే కేవీఎం మాత్రం మొరాయిస్తుంది. చిప్ తన దగ్గర ఉందని చెబుతుంది, బయోస్ వద్దంటుంది. ఇద్దరి మాటా నిజమే.

ఈ బయోస్ పట్టు ఎంత గట్టిదో కొంచెం చెప్పాలి. ఇంటెల్ మిషను ఆన్ కాగానే బయోస్ ప్రాసెసర్‌లోని ఒక చిన్న రిజిస్టరులో రెండు సంగతులు రాసేస్తుంది. వర్చువలైజేషన్ వాడుకోవచ్చా లేదా అన్నది ఒకటి. ఆ రాతను ఆ తర్వాత ఎవరైనా మార్చొచ్చా లేదా అన్నది రెండోది. వాడకూడదు, మార్చకూడదు అని రాసి తాళం బిగించిందా, మిషను మళ్లీ రీసెట్ అయ్యేదాకా విండోస్ తలకిందులుగా తపస్సు చేసినా మార్చలేదు. అందుకే వర్చువలైజేషన్‌ను ఆన్ చేసిపెట్టే సాఫ్ట్‌వేరంటూ ఎవరైనా డౌన్‌లోడ్ చేయమంటే చేయకండి. బయోస్‌లోకి వెళ్లాల్సిందే. డెల్, ఏసర్‌లకు ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, లెనొవోలో మోడలును బట్టి ఎఫ్1 లేదా ఎఫ్2. లేదంటే షిఫ్ట్ నొక్కి పట్టుకొని రీస్టార్ట్ కొడితే వచ్చే నీలం తెరలో యూఈఎఫ్‌ఐ (కొత్త తరం బయోస్) సెట్టింగుల దారి ఉంటుంది. మార్చే ముందు, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ ఎక్కడుందో చూసి రాసిపెట్టుకోండి. బయోస్ ముట్టుకున్నాక కొన్ని మిషన్లు అది చెప్పనిదే తలుపు తీయవు. మార్చాక మిషనును పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేయండి.

విండోస్ 11తో వచ్చే కొత్త లాప్‌టాప్‌లలో ఈ బాధ తగ్గింది. విండోస్ తన సొంత కాపలాకే ఇప్పుడు వర్చువలైజేషన్ వాడుకుంటోంది కాబట్టి కంపెనీలు తెరిచే పంపుతున్నాయి. ఆ పని విద్యార్థి కోసం జరగలేదని గుర్తుంచుకోవాలి. ఒకప్పుడు ఇదే సదుపాయాన్ని చిప్ కంపెనీలు వరుసలు పెట్టి అమ్మాయి. కోర్ 2 డ్యుయో అని ఒకటే స్టిక్కరు, లోపల టీ7200 అయితే వీటీ ఉండేది, టీ5800 అయితే ఉండేది కాదు. ఆ నంబరు పట్టి ఆరా తీస్తే తప్ప కొనేవాడికి తెలిసే దారి లేదు. సోనీ అయితే వయో లాప్‌టాప్‌లలో చిప్‌కు ఉన్నా బయోస్‌లో మూసేసి, మార్చుకునే వరుసే కనబడకుండా చేసింది. అడిగినవాళ్లకు భద్రత కోసమని చెప్పుకొచ్చింది. 2009లో విండోస్ 7తో పాటు, దాని లోపల ఎక్స్‌పీని నడపడానికి వచ్చిన ఎక్స్‌పీ మోడ్ ఆ మిషన్ల మీద నడవక జనం గగ్గోలు పెట్టాక కొన్ని మోడళ్లకు తెరిచింది. మైక్రోసాఫ్ట్ కూడా 2010 మార్చిలో ఎక్స్‌పీ మోడ్‌కు చిప్‌లో ఈ సదుపాయం ఉండి తీరాలన్న షరతే ఎత్తేసింది. బోరు వేసి, మోటారు దించి, స్టార్టరు పెట్టెకు మాత్రం తాళం వేసుకొని పొలం అమ్మినట్టుంది ఆ వ్యవహారం.

ఆ కాలం పోయిందనుకుంటున్నామా, హోసూరులో అది ఇంకో రూపంలో ఉంది. బెంగళూరు ఆఫీసుల్లో మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన లాప్‌టాప్‌లు అత్తిబెలె దాటి మన కొట్లకు వస్తున్నాయి. డెల్ లాటిట్యూడ్, లెనొవో థింక్‌ప్యాడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ లాంటివి. మంచి సరుకే. అదే డబ్బుకు వచ్చే కొత్త మిషను కన్నా చాలాసార్లు ఇదే నయమని నేనే పదిమందికి చెబుతాను. ఈ వరుసల్లో వర్చువలైజేషన్ లేకపోవడం అరుదు. కానీ కొన్నింటికి పాత కంపెనీ పెట్టిన బయోస్ పాస్‌వర్డు అలాగే మిగిలిపోయి ఉంటుంది. విండోస్ కొత్తగా వేసి, కీబోర్డు తుడిచి, తెరకు గార్డు అంటించి ఇస్తారు. ఎఫ్2 నొక్కేదాకా ఆ పాస్‌వర్డు సంగతి కొన్నవాడికి తెలియదు, చాలాసార్లు అమ్మినవాడికీ తెలియదు. అప్పుడు వర్చువలైజేషన్ మూసి ఉంటే అది అలా మూసి ఉండాల్సిందే. ఈ మోడళ్లలో చాలావాటికి సెల్ పీకితే పాస్‌వర్డు పోయే రోజులు ఎప్పుడో పోయాయి.

కాబట్టి సెకండ్ హ్యాండు కొనేటప్పుడు డబ్బు లెక్కపెట్టక ముందే రెండు పనులు చేయాలి. కొట్టులోనే రీస్టార్ట్ చేయించి బయోస్‌లోకి వెళ్లి, ఒక సెట్టింగు మార్చి సేవ్ అవుతోందో లేదో చూడాలి. కొన్ని మిషన్లు బయోస్‌ను చూడనిస్తాయి, మార్చనివ్వవు. తర్వాత టాస్క్ మేనేజర్‌లో ఎనేబుల్డ్ అన్న మాట కంటితో చూడాలి. రెండూ కలిపి ఐదు నిమిషాలు పట్టదు. ఆ ఐదు నిమిషాలకు విసుక్కునే కొట్టులో కొనకపోవడమే మేలు. కొట్టువాళ్లకు కూడా ఒక మాట: ఏ లాప్‌టాప్‌కైనా ముందు అంటించే కాగితంలో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ పక్కన "బయోస్ లాక్ లేదు, వర్చువలైజేషన్ ఆన్" అని రాసి పెడితే ఇంజనీరింగ్ పిల్లలు మీ కొట్టు వెతుక్కుంటూ వస్తారు.

ఇక సర్కారు సంగతి. తమిళనాడు ప్రభుత్వం 2011 సెప్టెంబరు 15న ఉచిత లాప్‌టాప్‌ల పథకం మొదలుపెట్టినప్పుడు, విండోస్‌తో పాటు కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా ఎక్కించి ఇచ్చింది. ఏదో ఒకటి ఎంచుకొని బూట్ చేసుకోవాలి. అప్పట్లో అది దూరదృష్టే. కాకపోతే లినక్స్‌లోకి వెళ్లాలంటే విండోస్ మూసేయాలి కనుక చాలామంది అటువైపు చూడనే లేదు. ఆ తర్వాత 2025-26 బడ్జెట్‌లో, రెండేళ్లలో 20 లక్షల మంది కాలేజీ విద్యార్థులకు లాప్‌టాప్ గానీ ట్యాబ్లెట్ గానీ ఇస్తామని, తొలి ఏడాదికి 2,000 కోట్లు అని ప్రకటించారు. బర్గూరు ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో, కృష్ణగిరి పాలిటెక్నిక్‌లో, హోసూరులో చదివే పిల్లలకు అందులో ఎంతో కొంత వస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బజారులో కన్నడం మాట్లాడుతూ పెరిగిన ఈ పిల్లలకు ఇంగ్లీషులో ఉన్న బయోస్ నల్ల తెర చూస్తే మొదట్లో కాళ్లాడవు. వేలల్లో చేతికిచ్చే మిషన్లకు ఒక్కొక్కరూ రాత్రిపూట యూట్యూబ్ చూసి ఎఫ్ కీలు వెతుక్కోవడం కన్నా, కొనే చోటే ఎనేబుల్ చేసి పంపమని, ప్రభుత్వం తరఫున వీటిని కొనే ఎల్కాట్ సంస్థ సరఫరాదారుకు ఒక వరుస రాస్తే సరిపోతుంది. ఫ్యాక్టరీలో అది ఖర్చులేని పని. కాలేజీలు కూడా పంచే రోజున ల్యాబ్ అసిస్టెంటును కూర్చోబెట్టి టాస్క్ మేనేజర్ తెరిచి చూసి రిజిస్టరులో టిక్కు పెట్టించవచ్చు.

ట్యాబ్లెట్ కోరుకునే ఇంజనీరింగ్ విద్యార్థులు మాత్రం కాస్త ఆగి ఆలోచించుకోవాలి. పైన చెప్పిన పనుల్లో ఒక్కటీ వాటి మీద సుఖంగా జరగదు. లాప్‌టాప్ తీసుకున్నా 8 జీబీ ర్యామ్ ఉంటే లోపలి మిషనుకు 2 జీబీ, మహా అయితే 3 జీబీ ఇచ్చి ఊరుకోండి. సగానికి పైగా ఇచ్చేస్తే రెండూ కదలవు.

ఇంకొకటి. మైక్రోసాఫ్ట్ సొంత వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేరు హైపర్-వీ విండోస్ హోమ్‌లో ఉండదు, ప్రో లాంటి పై ఎడిషన్లలోనే ఉంటుంది. ఇది పట్టుకొని, వర్చువలైజేషన్ కావాలంటే ప్రో వేయించుకోవాలి, ఇంతవుతుంది అని చెప్పే మెకానిక్కులు ఉన్నారు. వేయించుకోనక్కరలేదు. వర్చువల్‌బాక్స్ హోమ్ మీద ఊరికే నడుస్తుంది, విండోస్ లోపల లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ 2 కూడా హోమ్ మీదే నడుస్తుంది. ఆ డబ్బుతో ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించుకోండి.

— మొరసునాటి బాటసారి