వీల్‌చైర్ అడుగుతున్నది కాళ్ల కోసం కాదు

అర్ధరాత్రి దాటాక శంషాబాద్ విమానాశ్రయంలో అంతర్జాతీయ ప్రయాణాల వైపు వెళ్తే వీల్‌చైర్ల వరస కనిపిస్తుంది. దుబాయ్, దోహా, అబుధాబి వైపు వెళ్లే విమానాలు చాలావరకు ఆ వేళల్లోనే బయల్దేరతాయి. వాటిలో ఎక్కి అక్కడ విమానం మారి అమెరికా వెళ్లే పెద్దవాళ్లు ఆ కుర్చీల్లో కనిపిస్తారు. నిన్నటిదాకా పొద్దున్నే పార్కులో నాలుగు చుట్లు తిరిగినవాళ్లు కూడా అందులో ఉంటారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకో కూతురో టికెట్ కొంటూ వీల్‌చైర్ దగ్గర టిక్కు పెట్టేస్తారు. ‘‘నువ్వేం మాట్లాడక్కర్లేదమ్మా, కుర్చీలో కూర్చో, వాళ్లే తీసుకెళ్లి విమానం ఎక్కిస్తారు’’ అని ఫోన్లో ధైర్యం చెబుతారు.

ఎయిర్‌లైన్స్ దీన్ని దుర్వినియోగం అంటున్నాయి. వాటి గోడులో నిజం లేకపోలేదు. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు, పక్షవాతంతో ఒక పక్క పడిపోయినవాళ్లు అదే కుర్చీ కోసం పడిగాపులు పడుతున్నారు. తోసే మనిషి దొరక్క విమానం తలుపు దగ్గరే ఆగిపోతున్నారు. అయితే తప్పును ప్రయాణికుల మీదికి నెట్టేస్తే అసలు సంగతి బయటపడదు. కరీంనగర్ నుంచో నరసరావుపేట నుంచో తొలిసారి సముద్రం దాటుతున్న అరవై అయిదేళ్ల ఆవిడకు కావలసింది దారి తెలిసిన మనిషి. టికెట్ కొనేటప్పుడు శాకాహార భోజనం అడగొచ్చు, కాళ్లు బార్లా చాపుకునే సీటు అడగొచ్చు. దారి చూపే తోడు కావాలని అడగడానికి మాత్రం గడి లేదు. దానికి దగ్గరగా ఉన్నది వీల్‌చైర్ ఒక్కటే. పిల్లలు దాన్నే నొక్కుతున్నారు. డబ్బు కట్టి తోడును మాట్లాడుకునే సౌకర్యం కొన్ని విమానాశ్రయాల్లో ఉన్నా, అది ఉన్నట్టు తెలిసినవాళ్లకు సాధారణంగా దాని అవసరం ఉండదు.

విమాన ప్రయాణ సౌఖ్యం అనగానే మన చర్చంతా కట్టడాల చుట్టూ తిరుగుతుంది. 2008లో ఏటా కోటీ 20 లక్షల మంది కోసం మొదలైన శంషాబాద్ టెర్మినల్‌ను 3 కోట్ల 40 లక్షల మందికి సరిపోయేలా విస్తరించారు. అది కావలసిన పనే. కానీ ప్రయాణికుణ్ణి అలసట పెట్టేది నడక కంటే ఎక్కువగా అయోమయం. ఈ వరస దేనికి? ఇది అయ్యాక ఎటు? పెట్టె ఇక్కడే ఇచ్చేశాను, మళ్లీ దోహాలో తీసుకోవాలా? ఇవి అడగడానికి ఒక మనిషి, అర్థమయ్యే భాషలో ఒక జవాబు లేకపోతే ఎంత మెత్తటి సోఫా వేసినా కూర్చోబుద్ధి కాదు.

అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు కనీసం కుర్చీ ఉంది. జగిత్యాల, నిజామాబాద్ నుంచి దుబాయ్‌కి, రాయచోటి, రాజంపేట, కోనసీమ నుంచి కువైట్‌కి పనికి వెళ్లేవాళ్లకు అదీ లేదు. పదో తరగతి పాసవనివారు గల్ఫ్ సహా కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలని ప్రభుత్వమే నియమం పెట్టింది. అంటే ఈ దారిలో చదువు తక్కువైన వాళ్లు వేలల్లో వెళ్తారని సర్కారుకు బాగా తెలుసు. వాళ్లు విమానాశ్రయంలో చేసేది ఒకటే: ముందు పోయే మనిషిని పట్టుకుని పోవడం. అతను పొరపాటు గేటుకు వెళ్తే వీళ్లూ అక్కడే తేలతారు.

ప్రకటనలు ముందు స్థానిక భాషలో, ఆ తర్వాతే హిందీ, ఇంగ్లిషుల్లో ఇవ్వాలని 2018 డిసెంబరులో కేంద్రం ఆదేశించింది. మంచి ఆదేశమే. అందులోనే ఒక మినహాయింపు కూడా ఉంది: ప్రకటనలు ఆపేసిన ‘సైలెంట్’ విమానాశ్రయాలకు అది వర్తించదు. రొద తగ్గితే హాయిగా ఉంటుందన్న మాట కాదనలేం, అదీ సౌఖ్యమే. కానీ మైకు మూగబోతే మిగిలేది తెర, ఫోనుకు వచ్చే ఎస్సెమ్మెస్. గేటు మారిందనీ, విమానం ఆలస్యమనీ ఎయిర్‌లైన్ పంపే ఆ నాలుగు ముక్కలు ఇంగ్లిషులోనే వస్తాయి. ఏటీఎం మీట నొక్కగానే భాష ఏదని అడుగుతుంది. వేలకు వేలు పోసి కొనే విమాన టికెట్ ఆ ప్రశ్న అడగదు. ఇది సాంకేతికంగా కష్టమైన పని అని ఎవరైనా అంటే నేను నమ్మను.

2022 డిసెంబరులో మొదలైన డిజియాత్రను కాదనడం లేదు. ముఖమే టికెట్‌గా గేట్లు తెరుచుకుంటాయి, వరస తొందరగా కదులుతుంది. అయితే అది దేశీయ ప్రయాణాలకు, అదీ యాప్ వాడగలిగినవాళ్లకు అందిన వసతి. ఇప్పటికే దారి తెలిసినవాళ్ల దారి ఇంకాస్త నునుపయింది, అంతే.

సామాను సంగతి చూడండి. ఎండు కొబ్బరిలో నూనె ఉంటుంది, త్వరగా అంటుకుంటుంది కాబట్టి దాన్ని చెక్-ఇన్ పెట్టెలో పెట్టనివ్వరు. కారణం సబబే. కానీ తిరుగు ప్రయాణంలో అమ్మమ్మ మూటగట్టి ఇచ్చిన కొబ్బరి చిప్పల మీద నిషేధం ఉందని మనకు తెలిసేది పెట్టె స్కానర్‌లో ఆగినప్పుడే. చేతి సంచిలో పెట్టుకున్న ఆవకాయ సీసా కథా అంతే. నియమాలు కదలని రాళ్లేమీ కావు. 2024 అక్టోబరులో శబరిమల యాత్రికులు ఇరుముడిలోని కొబ్బరికాయను క్యాబిన్‌లోకి తీసుకెళ్లడానికి, తనిఖీ చేసే షరతు మీద, ఆ సీజన్ వరకు అనుమతి ఇచ్చారు. ఎవరు ప్రయాణిస్తున్నారో, ఏం మోస్తున్నారో పట్టించుకుంటే భద్రతకు లోటు రాకుండానే వెసులుబాటు దొరుకుతుందని దానితో రుజువైంది.

2025 డిసెంబరు మొదటి వారంలో ఈ అయోమయం అందరికీ పాకింది. పైలట్ల విశ్రాంతి నియమాలు మారాయి: వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. నియమాలు వెలువడింది 2024 జనవరిలో. పూర్తిగా అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 1న. సిద్ధపడటానికి అంత వ్యవధి ఉన్నా, దేశీయ ప్రయాణికుల్లో ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా మోసే ఇండిగో సిబ్బందిని సమకూర్చుకోలేకపోయింది. డిసెంబరు 5 ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. శంషాబాద్‌లో అయ్యప్ప మాలధారులు నిరసనకు కూర్చున్నారు. అలసిన పైలట్‌కు విశ్రాంతి ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను. నేను ఎక్కే విమానాన్ని నిద్ర చాలని మనిషి దించకూడదు. తప్పు షెడ్యూల్‌ది. నడపలేని విమానానికి టికెట్లు అమ్మారు, నడపలేమని తెలిశాక కూడా ఆ మాట ప్రయాణికుడికి సకాలంలో చెప్పలేదు. ఆ వారం ఇంగ్లిషు ధారాళంగా మాట్లాడేవాళ్లు కూడా కౌంటర్ల చుట్టూ దిక్కుతోచక తిరిగారు.

ప్రభుత్వం స్పందించింది. ఛార్జీలకు దూరాన్ని బట్టి 7,500 నుంచి 18,000 రూపాయల దాకా పరిమితి పెట్టింది, రీఫండ్లకు గడువు విధించింది. అదే చేత్తో ఇండిగోకు రాత్రి డ్యూటీ నియమాల నుంచి తాత్కాలిక సడలింపూ ఇచ్చింది. సిద్ధపడనివాడికే సడలింపు దక్కితే, ముందుగా సిద్ధపడినవాడు ఎందుకు సిద్ధపడ్డానా అనుకుంటాడు.

పరిహారం నిబంధన చదివితే విషయం ఇంకా తేటపడుతుంది. ముందుగా చెప్పకుండా విమానం రద్దు చేస్తే ప్రయాణ సమయాన్ని బట్టి 5,000, 7,500 లేదా 10,000 రూపాయలు, లేదా బేసిక్ ఛార్జీకి ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, రెండిట్లో ఏది తక్కువైతే అది ఇవ్వాలి. ఎక్కువైనది కాదు, తక్కువైనది. ఇక ఆలస్యమైతే టిఫినో భోజనమో పెట్టాలి, మరీ ఎక్కువైతే వేరే విమానమో డబ్బు వాపసో, కొన్ని సందర్భాల్లో హోటల్ గదో ఇవ్వాలి. నగదు పరిహారం మాత్రం లేదు. యూరప్‌లో 2004 నాటి నిబంధన కింద దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోలు కట్టాలి. మూడు గంటలు, అంతకు మించిన ఆలస్యానికీ అది వర్తిస్తుందని అక్కడి న్యాయస్థానం 2009లో తేల్చింది. ఆలస్యానికి వెల కట్టినచోట షెడ్యూల్ వేసేవాడు ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. మన దగ్గర ఆ వెలంతా ప్రయాణికుడి సెలవులోనూ, అందుకోలేకపోయిన పెళ్లి ముహూర్తంలోనూ, దాటిపోయిన ఉద్యోగం చేరిక తేదీలోనూ లెక్కకు వస్తోంది.

గట్టిగా అడిగితే పని జరుగుతుందనడానికీ దాఖలా ఉంది. విమానం ఇంజన్ ఆగిన పది నిమిషాల్లో మొదటి పెట్టె, అరగంటలో ఆఖరి పెట్టె బెల్టు మీదికి రావాలని పౌర విమానయాన భద్రతా విభాగం 2024 ఫిబ్రవరిలో ఏడు ఎయిర్‌లైన్స్‌ను ఆదేశించింది. కొలవగలిగే గడువు పెట్టారు కాబట్టి, ఆలస్యమైనప్పుడు నిలదీసి అడగడానికి ఒక ఆధారం దొరికింది. గేటు మార్పు కబురు ఎంతసేపట్లో, ఏ భాషలో అందాలన్నదానికి అలాంటి గడువు ఎందుకు ఉండకూడదు?

ఇప్పుడు చేతిలో ఒక అవకాశం ఉంది. విశాఖ ప్రయాణికులు ఇన్నాళ్లూ నౌకాదళం అధీనంలోని విమానాశ్రయంతో సర్దుకున్నారు. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట కట్టిన కొత్త విమానాశ్రయంలో 2026 జనవరిలో పరీక్షా విమానం దిగింది. ఉత్తరాంధ్ర నుంచి బతుకుదెరువుకు ఊరు విడిచేవాళ్లు ఎంతమందో శ్రీకాకుళం ఎంపీ అయిన పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడికి ఒకరు చెప్పనక్కర్లేదు. పాత టెర్మినల్‌లో మార్పు తేవాలంటే పది శాఖలు అడ్డుపడొచ్చు. కొత్తదానిలో ఆ సాకు చెల్లదు. చెక్-ఇన్ దాటగానే తెలుగులో దారి చెప్పే సహాయ కౌంటర్, గేట్ల దగ్గర తెలుగు తెర, టికెట్ కొనేటప్పుడే వీల్‌చైర్‌కు పక్కన ‘తోడు కావాలి’ అనే మరో గడి, ఎస్సెమ్మెస్‌కు భాష ఎంపిక. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త రన్‌వే అక్కర్లేదు. లాంజ్‌లకూ, దుకాణాలకూ, పార్కింగ్‌కూ టెండర్లు పిలుస్తారు. ఆ సహాయ కౌంటర్‌లో కూర్చునే మనిషి జీతం ఏ పద్దులో ఉందో మంత్రి ముందు అది చెప్పాలి.