విడాకులు - విద్యార్థుల చదువు

తలిదండ్రులు విడిపోయిన బిడ్డకు చదువబ్బదని లోకమున నొక నమ్మిక యున్నది. కళాశాలలో నొక యువకుడు పరీక్ష తప్పినచో, వాని తలిదండ్రులు వేఱుగా నున్నారని తెలిసినంతనే కారణము దొరకినదని పెద్దలు తల యూపుదురు. ఈ తీర్పు తొందరపాటని మా యభిప్రాయము. విద్యార్థిని చెఱచునది విడాకుల కాగితము గాదు. దానికి ముందును వెనుకను నడచు కలహమును, దాని వెంట వచ్చు ధనలోపమును. ఈ రెంటికిని మందు గలదు.

అమెరికాలో జూడిత్ వాలర్‌స్టైన్ 1971లో 60 కుటుంబములకు చెందిన 131 మంది బిడ్డలను పరిశీలింప నారంభించి, ఇరువదియైదేండ్ల యనుభవమును 2000లో గ్రంథరూపమున వెలువరించెను. బిడ్డకు పదునెనిమిదేండ్లు నిండగనే పెక్కుమంది తండ్రులు ధనసాహాయ్యము నిలిపివేసిరనియు, ఉన్నతవిద్య కందువలన విఘాతము కలిగెననియు నామె చూపినది. మేవిస్ హెదరింగ్టన్ 2002లో ప్రకటించిన గ్రంథమును బట్టి, ఇట్టి బిడ్డలలో తీవ్రమైన యిక్కట్లకు లోనైనవారు నూటికి 20 మొదలు 25 మంది. కలసియున్న కుటుంబములలో సుమారు 10 మంది. నష్టము నిజమే. కాని యధికసంఖ్యాకులు నిలదొక్కుకొనిరనుటయు నంతే నిజము.

ఇక మన శాసనమును చూతము. 1955 నాటి హిందూ వివాహ చట్టము మైనరు బిడ్డల విద్యను గూర్చి యుత్తరువు లిచ్చు నధికారమును న్యాయస్థానమున కొసగినది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము మనోవర్తిలో విద్యావ్యయమును గూడ చేర్చినది. సంతోషము! కాని కుమారుని హక్కు మైనారిటీతోనే ముగియుచున్నది. తన్ను తాను పోషించుకొనజాలని యవివాహిత కుమార్తెకు మాత్రమే యాపైని రక్షణ గలదు. 2020లో సుప్రీంకోర్టు దీనిని స్థిరపఱచినది. పదునెనిమిదవ యేడనగా నేమి? బాలుడు విశ్వవిద్యాలయపు గడప త్రొక్కు నేడు. వ్యయము పెరుగునాడే శాసనము చేయి విడుచుచున్నది! ఇల్లు రెండైన పిదప అద్దెలు రెండు, పొయ్యిలు రెండు. హాస్టలు రుసుమునకు మాత్రము దిక్కు లేదు.

దీనికి తోడు కార్యాలయముల చిక్కొకటి. తల్లి వద్ద పెరిగిన విద్యార్థిని తండ్రి సంతకము తెమ్మనుట, ఏండ్లుగా మొగము చూపని తండ్రి యాదాయపత్రము తెమ్మనుట న్యాయమా? తలిదండ్రులలో నొకరి పేరు చాలునని పాస్‌పోర్టు శాఖ 2016లోనే యంగీకరించినది. ఉపకారవేతనముల నిచ్చువా రేల యంగీకరింపరాదు?

కావున మేము కోరునవి మూడు. మొదటి డిగ్రీ ముగియువఱకు కుమారునికిని కుమార్తెకును విద్యావ్యయపు హక్కును శాసనము కల్పింపవలెను. అంతవఱకు విడాకుల యొడంబడికలోనే యా వ్యయమెవరిదో స్పష్టముగ వ్రాయింపవలెను. ఒంటరి తల్లి లేక తండ్రి సంతకమును కళాశాలలు చాలునని గైకొనవలెను.

తలిదండ్రులకు మా మనవి యొక్కటే. మీ వివాదమునకు బిడ్డను సాక్షిని చేయకుడు. ఒకరి మాట లొకరికి మోయు దూతను చేయకుడు. దంపతులు విడిపోవచ్చును, తలిదండ్రుల ధర్మమునకు విడాకులు లేవు.