సాలీడు పాకిందా?

బూజుకర్రతో నేనూ, చేట అడ్డం పెట్టుకొని మా అత్తయ్యగారూ, స్వామి పటం వెనకనుంచి తొంగిచూస్తున్న ఎనిమిది కాళ్ల భూతంమీదికి యుద్ధానికి వెళ్లిన దృశ్యం మీరు చూసివుంటే కడుపుబ్బ నవ్వేవారు. అరచేయంత వుంది. పొట్టకింద రూపాయి బిళ్లలాటి తెల్లని పొట్లం.

"అది విషం సంచీ అమ్మాయ్, దగ్గిరికి వెళ్లకు" అన్నారు ఆవిడ.

విషం సంచీ కాదు, గుడ్ల సంచీ! యీ గోడ సాలీడు గూడు కట్టదు. వొళ్లు చదును గనుక పగలంతా పటాల వెనకా, బీరువా సందుల్లోనూ దాక్కొని రాత్రివేళ బొద్దింకల్ని వేటాడుతుంది. తల్లి ఆ పొట్లాన్ని పిల్లలు బయటికి వచ్చేదాకా విడవదు. చేత్తో నొక్కిపడితే కరవవచ్చు. కాసేపు మండుతుంది, అంతే.

పైకప్పు మూలల్లో బూజు పెంచేది వేరు. కాళ్లు దారాల్లా వుంటాయి, గూడు తాకితే వొళ్లంతా వూపేస్తుంది. కిటికీమీద గెంతుతూ, మనం కదిలితే గిరుక్కున మనవైపు తిరిగే పొట్టిది ఈగల్ని పడుతుంది. పెరట్లో బీరపందిరి దగ్గిర కాళ్లు రెండేసి జతచేసి, గుణకారపు గుర్తులా, తలకిందులుగా కూర్చునే పసుపుచారల సాలీడును మీరూ చూసేవుంటారు. గూటిమధ్య తెల్లదారంతో వంకరటింకర కుట్టు వేస్తుంది. నా కుట్టుకన్నా నయమే. వీటిలో ఏదీ మనకు అపాయం చేసేది కాదు.

అపాయమైనవి లేకపోలేదు. నల్లని వొంటిమీద ఎర్రచార వున్నదాన్ని రాళ్లకింద చూస్తే ముట్టుకోకండి. 1899లో మన గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నీలిరంగు సాలీడు కరిస్తే కండరాలు పట్టేసేంత బాధ. అయితే అది చెట్టు తొర్రల్లో వుండేది. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. మన పటాల వెనక్కి రాదు.

మరి సాలీడు పాకితే పొక్కులు వస్తాయంటారే, అని మీరడుగుతారు. అక్కడికే వస్తున్నాను. పోయిన ఏడు అత్తయ్యగారికి నడుముకు వొకవైపే పట్టీ వేసినట్టు నీటిపొక్కులు లేచాయి. మంట, పోటు. అందరం సాలీడు పాకిందనే అన్నాం. నేనే పసుపూ వేపాకూ నూరి పూశాను. అయిదోరోజున డాక్టరుగారు చూసి, అది సర్పి అన్నారు. ఎప్పుడో చిన్నప్పుడు పోసిన ఆటలమ్మ క్రిములు నరాల్లో దాగివుండి, పెద్దతనంలో తిరగబెడతాయట. మాత్రలు 72 గంటలలోపల మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. కంటిదగ్గిర వస్తే ఆరోజే పరుగెత్తాలి. పొక్కులు మానినా ఆవిడకు ఆ పోటు నాలుగునెలలు వదలలేదు. పూసిన చేయి నాదే.

వానాకాలం దీపంచుట్టూ మూగే నలుపూ నారింజా చారల సన్నని పురుగును వొంటిమీద నలిపినా వాతపెట్టినట్టు పొక్కుతుంది. నలపకుండా వూదేసి, సబ్బుతో కడుక్కోవాలి. ఆ నేరమూ సాలీడుమీదే వేస్తాం.

యింతకూ పటం వెనకదాన్ని వెడల్పాటి గిన్నె బోర్లించి, అంచుకింద పాత కాలెండరు అట్ట జొనిపి, పొట్లంతోసహా పెరట్లోకి తీసుకుపోయాను. అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి, "బీరపందిరివైపు వదలకు. అక్కడున్నదాన్ని తినేస్తుందేమో!" అన్నారు.